సన్మానపత్రంలో లేని మాట

అది యాభై తొమ్మిదో సంవత్సరం. చిట్యాలలో నలభై మగ్గాలు నూలు లేక నెల రోజులుగా మూగనోము పట్టాయి. చేనేత సంఘం అధ్యక్షుడు వెంకటరాజానికి తిండి సహించడం లేదు. నూలు పంచే ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే సన్మానపత్రం రాసిపెట్టమని తెలుగు పంతులు రఘుపతిని బతిమాలాడు. బదులుగా మంచి శాలువా నేసి ఇస్తానన్నాడు.

పంతులు అలంకారశాస్త్రం నమిలి మింగినవాడు. ఆకలైతే అన్నం అడగడానికి కూడా ముందు ఉపమానం వెతుక్కునే రకం.

"నూలు లేదని మొదట్లనే రాయుండ్రి పంతులూ," అన్నాడు వెంకటరాజం.

పంతులు చెవులు మూసుకున్నాడు. "శివశివా! సన్మానపత్రంలో 'లేదు' అనే మాట అశుభమయ్యా. పోల్చి చెబితే ఉపమ, ఊహించి చెబితే ఉత్ప్రేక్ష, ఉన్నదాన్ని మించి చెబితే అతిశయోక్తి. పెద్దల ముందు అతిశయోక్తే అందం."

వెంకటరాజం భార్య ఆండాళు నూలు చుట్టాల్సిన ఖాళీ కండెలు గంపలో వేస్తూ వింటోంది. "లేనిది ఉన్నదంటె మా దిక్కు గది అబద్ధం," అంది.

ఆడవాళ్లకు శాస్త్రమేం తెలుసని పంతులు నవ్వాడు. వెంకటరాజం కూడా నవ్వి, పంతులు రాసిచ్చిన పత్రం కింద సంతకం పెట్టాడు. ఆ నవ్వుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

సభలో పంతులు గొంతు సవరించుకుని చదివాడు. "తమ కరుణ మేఘమై వర్షించగా మా ఇండ్లలో నూలు కొండలై పెరిగినది. రేయింబవళ్లు మగ్గాల సవ్వడికి చిట్యాలలో నిద్రయే కరువైనది!" నెల రోజులుగా పనిలేని నేతగాళ్లే, ఏం చేస్తారు పాపం, చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు పొంగిపోయాడు. "ఇక్కడ నూలు కరువని కిట్టనివాళ్లెవరో చెప్పారు. మీకెందుకిక? తెచ్చిన నూలు చౌటుప్పల్‌కు ఇచ్చేస్తాను."

వెంకటరాజం లేచి ఆఫీసరుకు అడ్డం వచ్చాడు. "సార్, గది అతిశయోక్తి సార్! మా తాన పోగు గూడ లేదు!"

"కింద సంతకం నీదేగా?" అంటూ ఆఫీసరు జీపెక్కాడు. నూలూ ఆయన వెంటే పోయింది.

వారం తిరక్కముందే పంతులు శాలువా కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెంకటరాజానికి ఒళ్లు మండింది. లేచి వచ్చి, ఉత్త చేతులతో లేని శాలువా మడత విప్పి, పంతులు భుజాల మీద కప్పి, అంచు కూడా సర్దాడు.

"ఏదయ్యా శాలువా?"

"కప్పిన గద పంతులూ. మీరు చెప్పిన గా నూలు కొండ తవ్వే నేసిన."

లోపలి నుంచి ఆండాళు కేకేసింది. "జర పైలంగ పోండ్రి పంతులూ. ముండ్లకంప తగిలితె చినుగుతది."