పక్కన ఎవరో

త్రిమూర్తులు దూదిని స్పిరిటులో ముంచి టేపురికార్డరు హెడ్డు తుడుస్తున్నాడు. దూదికి గోధుమరంగు మరక అంటింది. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుని, పారేసి, మళ్ళీ కొత్త దూది తీసుకున్నాడు. ఈ మనిషి ఒకరోజు మొహం కడుక్కోవడం మానేసినా మానేస్తాడు గానీ హెడ్డు తుడవడం మానడని అతని భార్య పాపాయమ్మ దెప్పుతూ ఉంటుంది. దెప్పే హక్కు ఆమెకు పెళ్ళినాడే వచ్చింది. వాడుకోవడానికి ఏనాడూ మొహమాటపడలేదు.

త్రిమూర్తులు సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండే మనిషి. గొట్టం మైకులు మోసి మోసి కుడిభుజం ఎడమ భుజం కంటే కిందికి దిగిపోయింది. వేళ్ళ చివర్లు టంకం కాలిన మచ్చలతో నల్లబడి ఉంటాయి. మబ్బు పట్టిన రోజున నాలుగడుగులు నడిస్తే ఆయాసం. ఈవేళ తెల్లారిందగ్గర్నుంచీ మబ్బుగానే ఉంది.

పాలకొల్లులో ఒకప్పుడు మైకు సెట్టంటే త్రిమూర్తులే. పెళ్ళయినా, హరికథయినా, చర్చి కూటమయినా అతని యాంప్లిఫయరు రావలసిందే. మైకువాడి బతుకు కూరలో కరివేపాకు. మైకు పలుకుతున్నంతసేపూ వాణ్ణి ఎవరూ చూడరు, అది కూసిందంటే మాత్రం ఊరంతా వాడికేసే చూస్తుంది. ఇన్నేళ్ళలో అతను మైకులో మాట్లాడింది 'హలో, హలో' అని, అంతే. ఆ రెండు ముక్కలూ అయ్యాక పక్కకి తప్పుకుని, యాంప్లిఫయరు వెనక చతికిలబడి, టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని, దానికున్న మైకుతోనే రికార్డు చేసుకునేవాడు. కింద పెడితే ఎవరైనా తన్నేస్తారని భయం. పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూచునేవాడు.

తరవాత డీజే బాక్సులొచ్చాయి. త్రిమూర్తులు సామానంతా వచ్చిన రేటుకి ఇచ్చేసి, పాత కంప్యూటరొకటి కొనుక్కుని, ఇంట్లోనే కేసెట్లను పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించే పని మొదలుపెట్టాడు. జనం ఇంకా పాత గొంతుల కోసం వస్తూనే ఉన్నారు. ఎక్కువగా, ఇంట్లో ఎవరైనా పోయాక వస్తారు.

నాలుగు రోజుల కిందట అలాగే వచ్చింది రాజరాజేశ్వరి. బెల్లం వ్యాపారం జగన్నాథరావు గారి కూతురు. ఆయన కార్తీకమాసంలో కొట్టు అరుగు మీద కూచుని పురాణం చదివేవారు. ఆ చదువు త్రిమూర్తులు ఎప్పుడో ఒకసారి రికార్డు చేసిన కేసెట్టొక్కటే ఇప్పుడు వాళ్ళింట్లో మిగిలిన ఆయన గొంతు. రేపు సంవత్సరీకం. వచ్చిన చుట్టాలందరికీ వినిపించాలని ఆమె కోరిక. త్రిమూర్తులు ఎక్కించి ఇచ్చాడు. మర్నాడే ఆమె పెన్‌డ్రైవు పట్టుకుని వెనక్కి వచ్చింది.

"మా అమ్మ వినలేకపోతోందండి. పురాణం వెనకాల ఎవరో బుసకొడుతున్నట్టుంది. నాన్నగారు ఆఖర్న ఆస్పత్రిలో ఊపిరాడక పడ్డ అవస్థంతా చూసిన మనిషి కదా. ఆయనింకా ఊపిరాడక పిలుస్తున్నారని ఏడుస్తోంది. అది తీసేయగలరా?"

ఇన్నేళ్ళ పనిలో చేసిచ్చింది వెనక్కి రావడం అదే మొదలు. త్రిమూర్తులుకి తల కొట్టేసినట్టయింది. తన దగ్గరున్న పాత సాఫ్ట్‌వేరుకి కోయడం, అతకడం తప్ప ఇంకేమీ రాదు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే శ్రీదివ్యని పిలిస్తే, నిన్న వచ్చి కొత్తవి మూడు ఎక్కించి వెళ్ళింది. "మూడూ వాడి చూడండి బాబాయి గారూ. మీ చేతికి ఏది ఒదిగితే అది ఉంచుకుని మిగతావి తీసేద్దాం" అంది.

మొదటిది తెరవగానే కళ్ళు తిరిగాయి. ఎటు చూసినా బటన్లే, కార్తీక పౌర్ణమినాడు అన్నవరం కొండమీద జనంలా. ఒకటి నొక్కితే జగన్నాథరావు గారు ఆడగొంతుతో చదివారు. ఇంకోటి నొక్కితే నూతిలోంచి చదివారు. త్రిమూర్తులు లెంపలు వేసుకుని దాన్ని మూసేశాడు.

రెండోది మహా తెలివైనది. ఉన్నది ఒక్కటే బటను. నొక్కితే చాలు, గొంతు తప్ప మిగతాదంతా అదే తుడిచేస్తుంది. తుడిచేసింది కూడా. అరుగు లేదు, వీధి లేదు, కొత్త స్టీలు గిన్నెలా మెరిసే గొంతొక్కటే మిగిలింది. ఇదే ఉంచుకుందామనుకున్నాడు. తీరా చెవిపెట్టి వింటే, జగన్నాథరావు గారు భక్తితో గొంతు తగ్గించిన చోటల్లా మాట చివర మాయమైపోతోంది. మెల్లగా పలికిందంతా చెత్తే అనుకుంటోంది కాబోలు ఆ యంత్రం. రేపు ఆయన భార్య రత్నమాణిక్యమ్మ గారు సగం తెగిన మాటలు వినాలా?

మూడోదానికి నీలంరంగు బొమ్మ ఉంది. దానికున్నవి నాలుగైదు బటన్లే. దాని పద్ధతి వేరు. ఎవరూ మాట్లాడని చోటు కాస్త చూపించమంటుంది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వినిపెట్టుకుని, కేసెట్టు మొత్తంలోంచి సరిగ్గా అంతవరకే తీసేస్తుంది. త్రిమూర్తులుకి ఇది నచ్చింది. పనివాడు పని మొదలుపెట్టేముందు అడగడం మర్యాద.

ఎవరూ మాట్లాడని చోటు కోసం వెతికాడు. పురాణం మధ్యలో జగన్నాథరావు గారు ఆగి మంచినీళ్ళు తాగారు. చెంబు చప్పుడు, గుటక. ఆ గుటక పడుతున్నంతసేపూ వెనకాల ఊపిరి సాగుతూనే ఉంది. లోపలికి, బయటికి. చివర సన్నటి ఈల.

త్రిమూర్తులు వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. నీళ్ళు మింగేటప్పుడు మనిషి ఊపిరి పీల్చలేడు. మరి ఈ ఊపిరి ఆయనది కాదు.

అరుగు మీద ఆ సాయంత్రం ఎవరెవరు కూచున్నారో గుర్తు తెచ్చుకున్నాడు. జనమంతా కింద వీధిలో, గోనెపట్టాల మీద. మైకు దగ్గరికి ఎవరూ రాలేదు. ఈ ఊపిరేమో చెవి పక్కనే ఉన్నట్టుంది. లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఎందుకు పెట్టాడో అడిగితే చెప్పలేడు.

టేపురికార్డరు పాడైందేమోనని ఇంకో కేసెట్టు పెట్టాడు. సాల్మన్ పాస్టరు గారి కూటం. వేరే ఊరు, వేరే సంవత్సరం. ప్రార్థనకి ముందు పాస్టరు గారు అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు. జనమంతా సద్దుమణిగారు. ఆ నిశ్శబ్దంలో అదే ఊపిరి, అదే ఈల. మూడో కేసెట్టు ఒక పెళ్ళి. సన్నాయి ఆగిన చోట, అక్కడా ఉంది. బెల్లం కొట్టు అరుగు నుంచి చర్చి పందిరికి, అక్కణ్ణుంచి పెళ్ళింటికి, ఎవరో అతని వెనకాలే తిరిగినట్టున్నారు. పట్టపగలు, నట్టింట్లో, త్రిమూర్తులుకి వీపు చల్లబడింది. తల తిప్పి చూశాడు. గోడకి ఆనించిన మైకు స్టాండు తప్ప ఏమీ లేదు.

"పాపా, ఇలా రా" అని కేకేశాడు.

పాపాయమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. అతను హెడ్‌ఫోను వైరు పీకేసి, చిన్న స్పీకర్లలోంచి వినిపించాడు. ఆమె ఒక్క క్షణం విని, మొగుడి మొహం చూసి నవ్వింది.

"ఎవరో ఏంటండీ, మీరే. మీ పిల్లికూతలు నాకు తెలీవా? ఇన్నేళ్ళుగా పక్కన పడుకుని వింటున్నాను."

"నేనేంటే?"

"మరి టేపురికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూచుంటే మీ ఊపిరి కాక నా ఊపిరి పడుతుందా?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పప్పు ఉంది.

త్రిమూర్తులు కదలకుండా కూచున్నాడు. తన ఊపిరిని తాను ఎప్పుడూ వినలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. స్పీకర్లలోని ఊపిరి ఆగలేదు. తనతో పనిలేనట్టు తన దారిన తాను పోతూనే ఉంది. తన ఊపిరే అని తెలిశాక భయం పోవాలి కదా. పోలేదు, ఇంకాస్త పెరిగింది.

భోజనం సగంలో లేచి వచ్చి మళ్ళీ కూచున్నాడు. జగన్నాథరావు గారు నీళ్ళు తాగిన చోటు ఆ నీలంబొమ్మకి చూపించాడు. ఇదీ తీసేయవలసింది, అన్నాడు. అది విని, నేర్చుకుని, మొత్తం కేసెట్టంతా తుడిచింది. మాట ఒక్కటీ తెగలేదు. భక్తితో తగ్గిన గొంతు తగ్గినట్టే ఉంది. దాని కింద ఇంకో బటను కనిపించింది. తీసేసిందేమిటో వినాలంటే అది నొక్కాలి. నొక్కాడు. పురాణం లేదు. వీధిలో సైకిలు బెల్లు, కాలవగట్టు మీద కాకులు, దగ్గరగా తను. ఇంతకాలం అందరి గొంతులూ దాచిపెట్టిన మనిషికి, తనవంటూ ఉన్నవి కూడా అందులోనే పడి ఉన్నాయని అప్పుడే తెలిసింది. సంతోషమో దుఃఖమో, ఆ వయసులో రెండూ ఒక్కచోటే నొప్పెడతాయి.

సాయంత్రం కాకముందే రాజరాజేశ్వరి వచ్చింది. నిలబడే విన్నది. కాసేపటికి కుర్చీ లాక్కుని కూచుంది. కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు నాన్నగారొక్కరే ఉన్నారండి. అమ్మ వింటుంది" అంది. పెన్‌డ్రైవు సంచిలో వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంతకీ ఆ ఊపిరి ఎవరిదండి?"

త్రిమూర్తులు నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలోంచి పాపాయమ్మ చూస్తోంది.

"ఎవరో అండి. జనంలో ఎవరో" అన్నాడు.

ఆమె వెళ్ళాక పాపాయమ్మ మళ్ళీ పనిలో పడింది. అతను మొదటి రెండు సాఫ్ట్‌వేర్లూ తీసేశాడు. బీరువా అడుగునుంచి ఒక హరికథ కేసెట్టు తీశాడు, వాళ్ళ పెళ్ళయిన కొత్తల్లోది. దాన్ని ఎక్కించి, దాసుగారు చిడతలు ఆపి దమ్ము తీసుకున్న చోటు చూపించి, తుడిచి, తీసేసింది మాత్రం ఉంచుకున్నాడు. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేటట్టు పెట్టాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

వాన మొదలైంది. పాపాయమ్మ టీ పట్టుకొచ్చేసరికి అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. ఊపిరి వినిపిస్తోంది. ఈల లేదు, కూత లేదు. ఎంత తేలిగ్గా ఆడుతోందో. ఇలా నిద్రపోయి ఎన్నేళ్ళయింది ఈ మనిషి, అనుకుంది. లేపబుద్ధి కాలేదు. టీ గ్లాసు మీద మూత పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళి, వంటింట్లో గోంగూర ముందేసుకుని కూచుంది. ఆకు తుంచుతూ ఆ ఊపిరి వింటూనే ఉంది. వాన చప్పుడులో కూడా తెలుస్తోంది. కొత్తకాపురంనాటి సంగతులేవో గుర్తొచ్చి, తనలో తాను నవ్వుకుంది కూడా.

ఉరిమింది. కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ఫ్యానుతోబాటే ఊపిరీ ఆగింది.

పాపాయమ్మ చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. చెవి రిక్కించింది. వాన తప్ప ఏమీ లేదు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, మనిషి ఊపిరి ఎందుకాగుతుంది? లేచి వెళ్ళింది. "ఏవండీ" అంది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం ఎప్పుడో చల్లబడిపోయింది. తాను ఇంతసేపూ ఎవర్ని విన్నదో అప్పుడర్థమైంది. అతని కుర్చీ పక్కనే నేలమీద కూలబడింది.

ఎంతసేపటికో కరెంటు వచ్చింది. ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. టీ గ్లాసు మీద మూత అలాగే ఉంది. పాపాయమ్మ తలెత్తి బల్ల మీదున్న స్పీకర్ల వైపు చూసింది. ఏ బటను నొక్కాలో ఆమెకు తెలియదు. స్పీకరు ముందున్న ఎర్రలైటు వెలిగి, ఏ చప్పుడూ లేకుండా, అలా వెలుగుతూనే ఉంది.