మత్సుమోటోలో తప్పిపోయిన రోజు

"అదిగో, వినండి వినండి! జపాన్ కొండల్లో మా ఆవిడ కుక్కరు కూత!" అంటూ మా ఆయన విశ్వనాథం గారు టేపు వెనక్కి తిప్పారు. టీవీలో మత్సుమోటో ఊరు, ఊరి వెనక మంచు టోపీలు పెట్టుకున్న కొండలు, వాటి మీదుగా నా కుక్కరు మూడో విజిల్. సౌదీలో, ఖఫ్జీ ఊళ్లో మా హాల్లో కూర్చున్న ఇంజినీర్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ పొట్టల్లోకి వెళ్లాల్సిన గారెలు వంటింట్లో తిరగేస్తూ నేనూ నవ్వాను. శుక్రవారం వాళ్లకి సెలవు, నాకు సెగ.

"టేపంతా చూశాం గానీ ఆంటీ ఒక్కసారీ కనబడలేదేంటి సార్?" అన్నాడు పునీత్, కొత్తగా చేరిన ఇంజినీరు.

"వినబడిందిగా! కనబడాలా కూడా?"

మళ్లీ నవ్వులు.

నా పేరు భరణి. 'పేరులోనే భరించమని రాసిపెట్టి ఉందే' అన్నది పెళ్లయిన కొత్తలో మా ఆయన చమత్కారం. ఏళ్లు గడిచేసరికి అందులో చమత్తు ఎగిరిపోయి కారం మిగిలింది. 'పిల్లా జెల్లా లేరు, నీకు పనేముందే?' అని మా అత్తగారు ఫోను చేసినప్పుడల్లా అంటారు. ఈ దేశం వాళ్లూ ఆవిడ మాటే నమ్మి, ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, నా పేరు పక్కన 'పని చేయడానికి అనుమతి లేదు' అని ముద్ర కొట్టారు. ఆ లెక్కన నేను తెల్లారకముందే నేరం మొదలుపెట్టి, అందరూ పడుకున్నాక గానీ ముగించని కరుడుగట్టిన నేరస్తురాలిని. గల్ఫ్ యుద్ధంలో ఖఫ్జీ వదిలి రియాద్‌లో ఒకే ఫ్లాట్‌లో అందరం తలదాచుకున్నప్పుడు కూడా నాకు మినహాయింపు లేదు. సైరన్ మోగగానే మగవాళ్లు గ్యాస్ మాస్కులు తగిలించుకుని, కిటికీలకు టేపులేసిన గదిలోకి దూరేవారు. 'భరణీ, గ్యాస్ కట్టేసి రా!' అని లోపల్నుంచి ఈయన కేక. వాళ్లు గ్యాస్‌కు భయపడి లోపలికి, నేను గ్యాస్ కట్టడానికి బయటికి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వసంతంలో, ఈయనతో కలిపి నలుగురికి మత్సుమోటోలో ట్రైనింగ్ వచ్చింది. పచ్చి చేపలు తినలేమని నలుగురూ చందాలేసుకుని నాకు టికెట్ కొన్నారు. కొండలు చూపిస్తారనుకున్నాను. నేను చూసింది సింకు పైన కిటికీలో పట్టినంత కొండ. అంట్లు తోముతుంటే దాని మీద మంచు కూడా నురగలాగే కనబడేది.

ఒకరోజు వాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లాక, కడిగిన బియ్యం అలాగే వదిలేసి బయటికి నడిచాను. ఖఫ్జీలో వీధి చివరి బకాలా కొట్టుకైనా ఆయన వెంట లేకుండా వెళ్లని దాన్ని, స్టేషన్లో వేలు చూపించి టికెట్ కొని చిన్న రైలెక్కాను. నీ వెంట మగవాడేడని ఎవరూ అడగలేదు. కొండలు దగ్గరగా కనబడిన చోట దిగాను. వరి మళ్లు, గట్ల వెంట పరుగెత్తే కొండనీళ్లు. కట్టెయ్యమని ఎవరూ అరవని నీళ్లు. ఆ నీళ్లలోనే ఏవో ఆకులు పెంచుతున్నారు. తోటలో ఒక ముసలామె ఆ మొక్క దుంపను గంధంలా అరగదీసి, నా వేలికి రాసి, నాకమని సైగ చేసింది. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది, కళ్లవెంట నీళ్లు కారాయి, ఆమె పకపకా నవ్వింది. ఘాటు దిగింది గానీ నీళ్లు ఆగలేదు. ఆమె నవ్వు మానేసి నా పక్కన చతికిలబడింది. ఏమీ అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకు ఆమె భాష రాదు. ఆ సంగతి చెప్పే మాటలు నాకు తెలుగులోనూ లేవు.

సాయంత్రమైంది. తిరిగి వెళ్లకూడదనుకున్నాను. ఎటు పోవాలో తెలియదు, ఎటు పోకూడదో మాత్రం మొదటిసారి తెలిసింది. స్టేషన్ బెంచీ మీద వచ్చిన రైలునల్లా వదిలేస్తూ కూర్చున్నాను. స్టేషన్ మాస్టరు వచ్చి, వంగి దండం పెట్టి, నా స్వెట్టర్‌కు పిన్నీసుతో గుచ్చి ఉన్న కార్డు చదివాడు. ట్రైనింగ్ సెంటర్ వాళ్లు వాళ్ల భాషలో రాసిచ్చిన మా చిరునామా అది. ఈయన ఒకటి సూట్‌కేసుకు కట్టి, ఒకటి నాకు గుచ్చారు. పాపం, ఎంత మంచివాడో! ఫోను చేశాడు, టీ ఇచ్చాడు, రైలు కదిలేదాకా చెయ్యి ఊపాడు. అంత మర్యాదగా రైలెక్కించి జైలుకు పంపిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

మత్సుమోటోలో మేం దిగిన ఫ్లాట్‌లో కడిగిన బియ్యం చుట్టూ నలుగురూ కూర్చుని ఉన్నారు. గిన్నె పొయ్యి మీద పెట్టడానికి వాళ్ల డిగ్రీలు చాలలేదు. గది తలుపేశాక ఈయన ఒకే మాట అన్నారు: 'నలుగుర్లో నా పరువు తీశావు.'

ఆ రోజునే ఇప్పుడు హాల్లో కథగా చెబుతున్నారు. "తప్పిపోయిందయ్యా! చిన్నపిల్లలు తప్పిపోయినట్టు! వాళ్లు పార్సిల్ చేసి పంపారు కాబట్టి సరిపోయింది."

"వదినె దొరక్కపోతే ఆ పచ్చి శాపలు తిని సచ్చేటోళ్లం సార్," అన్నాడు సాయికుమార్. కరీంనగర్ మనిషి, ఆ నలుగురిలో ఒకడు.

"అందుకే ఈ చలికాలం రెండో బ్యాచ్‌కీ ఈవిణ్ణే తీసుకెళ్తున్నా. ఈసారి మనం ఆరుగురం. తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంటుందిలెండి." ఇటు తిరిగారు. "ఏమేవ్, రేపు నీ ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకి పెడుతున్నా, వెళ్లి మళ్లీ రావడానికి. ఫోటోలు తీసి ఉంచు."

గారెల పళ్లెం టీపాయ్ మీద పెట్టాను. టీవీలో ఆ కొండలు. వాటి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. వెళ్తే తాళం వేసిన ఇంట్లో, సింకు పైన మళ్లీ అంత ముక్కే. వెళ్లకపోతే ఈ గోడల మధ్య అది కూడా లేదు. ఇందులో ఏది ఒప్పుకున్నా, నేను బతికి ఉన్నట్టు ఎవరికైనా తెలిసేది మళ్లీ కుక్కరు కూసినప్పుడే.

"నాకు రీఎంట్రీ వద్దండీ. ఫైనల్ ఎగ్జిట్ పెట్టండి. విజయనగరంలో మా చెల్లెలి దగ్గరికి పోతాను."

నవ్వులు ఆగిపోయాయి. సాయికుమార్ తుంచిన గారెను పళ్లెంలోనే వదిలేశాడు.

"జోకా?" అన్నారీయన.

"ఇంతసేపూ వేసింది మీరు కదండీ."

ఆయన మొహం ఎర్రబడింది. అందరూ ఉన్నారని గొంతు తగ్గించారు.

"ఫైనల్ ఎగ్జిట్ అంటే ఇక తిరిగి రావడం ఉండదు, తెలుసా?"

"తెలుసు," అన్నాను. "పోయినసారి అదే కుదరలేదు."