లెక్కలో మిగిలిన మందాకిని

నేను ఒక టేబుల్ ఫ్యానును. దుకాణంలో గల్లాపెట్టె కింద ఇన్నేళ్లు బతికాక ఎవరి మాటా ఒక పట్టాన నమ్మలేని స్వభావం నాకూ అబ్బింది. కాబట్టి నా కథను మీరు అనుమానంగా విన్నా నేను నొచ్చుకోను.

హైదరాబాదు శివార్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పుట్టాను. నా మోటారుకు రాగితీగ చుట్టిన ఆమె, ఇంట్లో జ్వరంతో ఉన్న బిడ్డ సంగతి పక్కామెకు చెబుతూనే ఒక్క చుట్టు కూడా తప్పకుండా పని ముగించింది. పరీక్షించే ఆయన మాత్రం నన్ను తిప్పి తిప్పి చూసి, ఏ లోపమూ దొరకనందుకు చిరాకుపడుతూ అడుగున నంబరు పలక బిగించాడు. మా మోడల్ పేరు మందాకిని. గాలి ఇచ్చే వస్తువుకు నది పేరు ఎందుకో పెట్టినవాళ్లకే తెలియాలి.

లారీలో చీరాల వచ్చి, సత్యలింగంగారి ఇంటి సామాన్ల దుకాణం గోడౌనులో చేరాను. సరుకు ఉన్నది అమ్మడానికే అన్నది సత్యలింగంగారి సిద్ధాంతం. అమ్మాల్సిన వస్తువును వాడుకోవడం ఆయన దృష్టిలో దొంగతనానికి ఒక మెట్టు మాత్రమే కింద. అటక నిండా ఫ్యాన్లు పెట్టుకుని, ఎండాకాలం తువ్వాలుతో విసురుకునేవారు. నెత్తిన ఒక సీలింగ్ ఫ్యాను ఉండేది గానీ, అది తిరుగుతోందో లేదో తలెత్తి చూస్తే తప్ప తెలిసేది కాదు.

ఒక ఏడు రోహిణి కార్తెలో ఆయన కళ్లు తిరిగి గల్లాపెట్టె మీదికి వాలిపోయారు. మర్నాడు ఆయన భార్య ఇందుమతిగారు గోడౌనుకు వచ్చి, అక్కడ పనిచేసే మస్తాన్‌వలి చేత నన్ను పెట్టెలోంచి తీయించారు.

"షావుకారుగారు అడిగితే ఏం చెప్పమంటారమ్మా?"

"మా తమ్ముడు పంపాడని నేను చెబుతాలే. నీ నోట్లోంచి మాత్రం రానీకు మస్తానూ. నిజం తెలిస్తే మళ్లీ పెట్టెలో పెట్టించి టేపు కూడా వేయిస్తారు."

"చెప్పనమ్మా," అన్నాడు మస్తాన్.

సత్యలింగంగారు నన్ను చూసిన తొలి చూపు నేను మరచిపోలేదు.

"ఇదే మోడల్ మన దగ్గర ఉందిగా. మీవాడు ఇంకెక్కడో ఎందుకు కొన్నాడు?"

"ఏమో, వాడికక్కడ గిట్టిందేమో," అన్నారావిడ, నా రెక్కలు తుడుస్తూ.

అంతే. బావమరిది పోటీ దుకాణంలో కొన్నాడని ఆయన మనసులో నాటుకుపోయింది. తర్వాత అతని ఇంట్లో పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా తిరిగి వచ్చేశారు. బావమరిది ఇచ్చిన గాలిని మాత్రం రోజూ కాదనలేదు.

ఏళ్లు గడిచాయి. కంపెనీ మా మోడల్ తయారు చేయడం ఆపేసింది. ఇందుమతిగారు కన్నుమూశారు. కర్మలన్నీ అయ్యాక దుకాణం తెరిచిన సత్యలింగంగారు, కూర్చునే ముందు వంగి, నా రెక్కల మీద పేరుకున్న దుమ్మును తువ్వాలుతో తుడిచారు. ఆ పని ఆయన అంతకుముందు ఎన్నడూ చేయలేదు.

ఈ వేసవిలో దుకాణంలోని కంప్యూటరుకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. దాన్ని నడిపే హైమ మూడు నెలల కిందట చేరిన అమ్మాయి. తయారీ ఆగిపోయిన మోడళ్లను బిల్లుల జాబితాలోంచి తప్పించి, వాటి పాత అమ్మకాలను విడిగా భద్రపరచడం ఆమెకు అప్పగించిన పని. అలా చేస్తే లేని సరుకు పేర్లు బిల్లు కొట్టేటప్పుడు అడ్డం రావు. ఏ ఏడు ఏది ఎంత అమ్ముడైందో మాత్రం ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఒకటే షరతు, స్టాకు సున్నా ఉండాలి. పాత గ్రైండర్లు వెళ్లాయి, ఇస్త్రీపెట్టెలు వెళ్లాయి. మందాకిని దగ్గర పని ఆగింది.

"సార్, ఇంకా ఒకటి మిగిలిందంటోంది. మూయనివ్వట్లేదు."

"మిగిలితే గోడౌనులోనే ఉంటది. మస్తాన్ని చూడమను."

ఆ మిగిలిన ఒకటి నేనే. ఆయన మోకాళ్లకు గాలి కొడుతూ అక్కడే ఉన్నాను.

మస్తాన్ గోడౌనులోకి వెళ్లి వెంటనే తిరిగొచ్చాడు. "లేదండీ."

"అంత తొందరగా లేదని ఎట్టా తెలిసింది నీకు?"

లేదని తెలిసిన చోట వెతికినట్టు నటించడం మస్తాన్‌కు రాదు. ఆ రాకపోవడమే అతని కొంప ముంచింది. ఆనాటి నుంచి అతను భోజనానికి వెళ్తుంటే సత్యలింగంగారు టిఫిను క్యారియరు వంక చూసేవారు. అందులో ఫ్యాను పట్టదని ఆయనకూ తెలుసు. అయినా చూసేవారు. చివరికి, శనివారంలోగా ఫ్యాను కనబడకపోతే తాళాలు ఇచ్చి వెళ్లమన్నారు. చిన్నప్పటి నుంచి ఈ దుకాణం తప్ప మరో కొలువు ఎరగనివాడు మస్తాన్. దొంగ అనిపించుకుని బయటికి వెళితే ఈ బజారులో ఇంకొకరు గోడౌను తాళాలు చేతికివ్వరు. గడువు దగ్గరపడే కొద్దీ నిజం కక్కేస్తాడని నేను అనుకున్నాను. మనుషుల మీద నాకున్న నమ్మకం అంతే.

శనివారం మస్తాన్ తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"స్టాకు సున్నా చేయబోతే, ఎందుకు తగ్గిందో కారణం అడుగుతోంది సార్," అంది హైమ.

"దొంగతనం అని కొట్టు."

"పోయిన ఫ్యాను నంబరు కూడా చూపిస్తోంది." ఆమె చూపు నా మీద పడింది. "ఇది కూడా మందాకినే కదా సార్?"

"అది మా బావమరిది ఇచ్చింది. దాని జోలికి పోకు."

పోవద్దంటే పోయే రకం ఆ అమ్మాయి. వంగి, స్విచ్చి ఆపి, నన్ను పక్కకు వంచి అడుగున ఉన్న పలక చదివింది. బల్ల అవతలి నుంచి మస్తాన్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నన్ను ఎత్తి, పలక కనబడేలా ఆయన ముందు బల్ల మీద పడుకోబెట్టింది.

"కళ్లజోడు పెట్టుకుని చూడండి సార్."

ఆయన పలక చూశారు, తెర చూశారు, మళ్లీ పలక చూశారు. గాలి లేక నుదుటి చెమట కళ్లజోడు మీదికి జారింది.

"దీన్ని ఎవరు తీశారు మస్తానూ?"

"నేనేనండి."

"ఎవరు తీయమన్నారు?"

మస్తాన్ తల వంచుకున్నాడు.

"ఉద్యోగం పోతున్నా చెప్పవా?"

"చెప్పనని అన్నానండి అమ్మగారితో. ఆవిడ ఉంటే ఆవిడే చెప్పేవారు. లేని మనిషి మీదికి ఎట్టా తోసేది?"

సత్యలింగంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడింట్లో అన్నం తినకుండా వచ్చానే," అన్నారు, ఎవరితోనూ కాకుండా.

"సొంత వాడకం అని కొట్టనా సార్?" అంది హైమ, మెల్లగా.

"వద్దు. బిల్లు కొట్టు. డబ్బు నేనిస్తా."

"ఎవరి పేరు మీద?"

"ఇందుమతి."

"ఫోను నంబరు లేకపోతే ముందుకు పోదు సార్."

ఆయన తడుముకోకుండా ఆవిడ నంబరు చెప్పారు. స్టాకు సున్నా అయింది.

"ఇక మూసేయనా? జాబితాలో కనపడదు."

"మరి ఆ బిల్లు?"

"ఎక్కడికీ పోదు సార్. పాత అమ్మకాల్లో ఉంటుంది. కొత్తగా అమ్మడానికే కుదరదు."

"చూసుకోవచ్చు కదా?"

"ఎప్పుడు కావాలంటే అప్పుడు."

"అయితే కొట్టు."

హైమ మీట నొక్కింది. మా మోడల్ పేరు తెర మీదినుంచి పోయింది. సత్యలింగంగారు తాళాల గుత్తిని మస్తాన్ వైపు తోశారు. అతను వెంటనే తీసుకోలేదు.

"లెక్కలో ఇంకేమన్నా తేలాల్సినవి ఉన్నాయా అండీ?"

"అది నేనడగాలి. అమ్మగారు నీ చేత ఇంకా ఏమేం తీయించారో?"

మస్తాన్ తాళాలు అందుకుని గోడౌను వైపు నడిచాడు, రోజూ కన్నా కాస్త వేగంగానే. సత్యలింగంగారు అతను వెళ్లిన దిక్కే చూస్తూ కూర్చున్నారు. ఆ ముఖంలో ఉన్నది అనుమానమో, ఆవిడ దాచింది ఇంకా ఏదో దొరుకుతుందన్న ఆశో నేను తేల్చుకునేలోపు హైమ నన్ను కిందికి దించి స్విచ్చి వేసింది.