కళ్లం మీద ఫ్రెంచి మాట

మూడో వరుస దగ్గరికి రాగానే నారప్ప బూట్లు విప్పి పక్కన పెట్టాడు. పొడవాటి కర్రకు బిగించిన తడి బ్రష్షుతో సోలార్ పలక మీది ఎర్రదుమ్మును పైనుంచి కిందికి లాగాడు. నీళ్లు కారి పాదాల మీద పడ్డాయి. మడమల పగుళ్లలో బురద ఇంకింది.

తన భూమిని ఈ సోలార్ పార్కుకు లీజుకిచ్చాక గట్లన్నీ చదునైపోయాయి. అయినా తూర్పు గుట్టలోని చీలికకు ఎదురుగా నిలబడితే ఆయనకు తెలుస్తుంది. ఇక్కడే తన కళ్లం. శెనక్కాయ కుప్ప వేసిన చోటు. దాని మీద ఇంట్లో ఎవరూ చెప్పులతో నడవలేదు. పెండ్లయిన కొత్తలో భార్య తిమ్మక్క మరిచి అడుగుపెట్టి, నాలిక కరుచుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని పరుగెత్తింది. ఆ పొద్దంతా చేట ఎత్తి గాలికి తూర్పారబడుతూ తనలో తానే నవ్వింది. ఇప్పుడు తిమ్మక్క లేదు. అంత గాలి తగిలే బయలూ లేదు.

"మళ్లా విప్పినావా తాతా?" సేఫ్టీ చూసే శిల్పశ్రీ వచ్చింది. "ఈ వయసులో కరెంటుతో సరసమా? ఇంకోసారి చూస్తే వేరే బ్లాకుకు మారుస్తానని చెప్పినా గదా!"

ఆమె వెంట, పలకలు చూడటానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఇంజినీరమ్మ ఉంది. ఎందుకు విప్పాడని ఆమె ఇంగ్లీషులో అడిగితే శిల్పశ్రీ తెలుగులో చెప్పింది.

"కళ్లం మీద బూట్లు యేసుకోరమ్మా," అన్నాడు నారప్ప. కిందికి చూసి, "నేల నాదే. నాకే కొత్తగా ఉండాది. మతి చెడిందేమో," అన్నాడు.

శిల్పశ్రీ ఆ మాటలు చెప్పగానే ఇంజినీరమ్మ తల ఊపింది. "దేపేయీజ్‌మాఁ," అంది మెల్లగా.

ఆమెనడిగి శిల్పశ్రీ విడదీసి చెప్పింది. "‘దే’ అంటే తీసేసేది. ‘పేయి’ అంటే సొంత సీమ. కడాన ఉండే ‘మాఁ’ అంటే అట్ల అయిపోవడం. సీమలోంచి పెరికేసినట్లు ఉంటాదే మనసు, అదంట తాతా. ఆ ‘మాఁ’ను ముక్కుతోనే పలకాలంట."

నారప్ప ఆ మాట తానూ అని చూశాడు. "జలుబు చేసిన పొట్టేలు మాదిరి ఉండాది," అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

"ఫ్రాన్సోళ్లు టికెట్టు కొనుక్కొని మరీ టూరు పోతారంట దీనికోసం," అంది శిల్పశ్రీ. " కొత్త చోటు చూస్తే అదో సంతోషమంట."

"అది ఊరిడిసి పోయినోళ్లకు గదా. నేను యాడికీ పోలేదే!"

శిల్పశ్రీ అది చెప్పగానే ఇంజినీరమ్మ పలకల కేసి చూసి ఏదో అంది.

"మనిషే పోనక్కర్లేదంట తాతా," అంది శిల్పశ్రీ. "చోటు పోయినా వస్తాదంట."

నారప్ప బ్రష్షు కర్రకు ఆనుకొని నిలబడ్డాడు. అయితే తనది పిచ్చి కాదు. ఏ దేశంలోనో ఎవరికో ఇది ముందే వచ్చింది. పేరు పెట్టుకున్నారు.

"నన్ను వేరే బ్లాకుకు ఏయమ్మా," అన్నాడు.

"ఊరికే బెదిరించినాలే తాతా!"

"తెలుసులే. పరాయి నేలయితే బూట్లేసుకొని నిమ్మళంగా తిరుగుతా."

మధ్యాహ్నానికి వరుస పూర్తయింది. చివరి పలక కింద, నీళ్లు కారే చోట, ఎవరు తింటూ జారవిడిచిన పచ్చి గింజదో ఒక శెనక్కాయ మొక్క లేచి ఉంది. కలుపు పీకడం కూడా ఆయన పనే. వంగి మొదలు పట్టుకున్నాడు. వదిలేశాడు. బూట్లు తొడుక్కొని, వెనక్కి చూడకుండా బండి వైపు నడిచాడు.

వాడిన పసుపు పువ్వు కిందినుంచి, కాయ కట్టే సన్నటి ఊడ ఒకటి తడిమట్టిలోకి దిగుతోంది.