ఆరని దుప్పటి

ఆసుపత్రి మేడమీద లాండ్రీ అక్క రోజూ నలభై దుప్పట్లు ఆరేస్తుంది. ఆపరేషన్ వార్డువి కుడివైపు తీగ మీద, మంచం నంబర్ల వరసలో. కుట్ల లోపల చీము పడుతున్న మనిషి దుప్పటి ఎంత ఎండలోనూ ఆరదు. అందుకే రౌండ్లకి ముందు వార్డు సిస్టర్ మెట్లెక్కి వచ్చి ఒక్కో కొసా పట్టి చూస్తుంది.

"పదకొండు తడిగానే ఉందే అక్కా!"

"పొద్దుట్నుంచీ అంతే. పైకి బాగానే ఉందని ఊరుకోకు తల్లీ, కట్టు విప్పి చూడు."

అక్క సొంత కూతురికి గర్భసంచి తీసిందీ ఆ వార్డులోనే. నాలుగోరోజే అల్లుడు దిగాడు. "ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కు లేదత్తయ్యా." ఆ ఇంట్లో ఇద్దరు మగాళ్ళు, నాలుగు చేతులు.

"చలిజ్వరమొచ్చినా, కుట్ల చుట్టూ ఎర్రబడినా, రసి కారినా ఆ పూటే వచ్చెయ్యి. దుప్పటి ఆరుతోందో లేదో చూసుకో," అని కూతురికి పదిసార్లు చెప్పి పంపింది అక్క.

తొమ్మిదోరోజు చూడ్డానికి వెళితే పిల్ల పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ముఖం కందిపోయింది.

"సెగమ్మా, ఏం లేదు."

"దుప్పటేదీ?"

తెచ్చి ఒళ్ళో పెట్టింది. పొడిగా, వెచ్చగా, అంచుకి అంచు కలిపిన మడత. అక్క మనసు కుదుటపడింది. టీ తాగి వచ్చేసింది.

తీగ మీద ఆరిన గుడ్డకి అంత పదునైన మడత పడదని, ముప్పైయేళ్ళుగా గుడ్డలు ఆరేస్తున్న మనిషికి తట్టలేదు. దుప్పటి పట్టి చూసింది గానీ పిల్ల నుదురు పట్టి చూడలేదు. 'మళ్ళీ ఆసుపత్రా?' అని మామగారు మూతి ముడుస్తారని, కోసిన పొట్ట ఒక చేత్తో అదుముకుని, ఆరని దుప్పటిని ఇస్త్రీ చేసి ఆరబెట్టిందా పిల్ల. మూడ్రోజులకి చీము రక్తంలోకి పాకింది. తీసుకొచ్చేసరికే చెయ్యి దాటిపోయింది.

"ఎంత ఓర్పమ్మా నీ కూతురికి!" అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు.

"దాన్ని చంపింది ఆ ఓర్పే," అంది అక్క.

ఆ దుప్పటి ఉతికి తీగ మీద వేస్తే పావుగంటలో ఆరిపోయింది. ఇంకెవరి కోసం తడిగా ఉండాలి? దాన్ని జేబురుమాలంత ముక్కలుగా కత్తిరించి, ఇంటికెళ్ళే ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. "రోజూ తడిపి కిటికీకి వెయ్యి. ఇస్త్రీ మాత్రం చెయ్యకు."

ఒక మధ్యాహ్నం, పోయిన వారం ఇంటికెళ్ళిన ఓ బాలింత ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. సిజేరియన్ కుట్లింకా పచ్చిగానే ఉన్నాయి. పిడికిట్లో గుడ్డముక్క నీళ్ళు కారుతోంది.

"నిన్నట్నుంచీ ఆరట్లేదక్కా."

"ఇస్త్రీ చెయ్యలేదు కదా?"

"మా ఆయన చెయ్యమన్నారు. ఇస్త్రీపెట్టె ఆయన చేతికే ఇచ్చి వచ్చేశాను."

అక్క గుడ్డకేసి చూడలేదు. ముందు నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. "సిస్టర్!" అని మేడంతా అదిరేలా కేక పెట్టింది.

ఆరోరోజున ఆ ముక్క ఆరింది. అక్క దాన్ని ఒళ్ళో పరుచుకుని అరచేత్తో నిమిరింది. ఎక్కడా ఒక్క మడత లేదు.