ఫీల్డు పని

నా భార్య ప్రభ పోయి నలభై రోజులైంది. అటవీ శాఖలో గార్డు. ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున మడ మొక్కలు చూసుకునేది. పడవ తిరగబడినప్పుడు ఆమె కాళ్ళకున్నవి మగవాళ్ళ బూట్లు. ఆమె కొలతవి ఆఫీసుకు ఎన్నడూ రాలేదు; లోపల గుడ్డలు కుక్కి తొడుక్కునేది. బురదలోంచి కాళ్ళు రాలేదన్నారు. అంతకుమించి నేను అడగలేదు.

ప్రభ బదులు మా అమ్మాయి వర్షిణికి ఉద్యోగం ఇస్తామన్నారు. గుమాస్తా రంగనాథం వాషర్‌మెన్‌పేట్ తెలుగువాడే; నేను బడిపంతులునని అతనికి తెలుసు. అర్జీ నా ముందు పెట్టి ఒక గడి మీద వేలుంచాడు. ఆఫీసు పనా, ఫీల్డు పనా?

“ఆడబిడ్డ, సార్. ఆడ బురదలో ఏం దిగతాది? ఈడే ఫ్యాను కింద కూసోనీండి. అయివారు గదా, మీరే రాయండి.”

ఆఫీసు అని రాశాను. ఇక వర్షిణి సంతకమే మిగిలింది; కాగితం ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం తిరువొత్తియూరులో మా రెండు గదుల్లో కూర్చోలేకపోయాను. కిటికీ మూశాను, మళ్ళీ తెరిచాను. ఫీల్డు ఉద్యోగానికి నడక పరీక్ష ఉంటుందని వర్షిణి రోజూ సముద్రం పక్క రోడ్డు మీద నడుస్తోంది. నాలుగుసార్లు వీధిలోకి వెళ్ళి చూశాను.

వస్తూనే కాగితం చూసింది.

“ఎవరు నాయనా ఇది రాసింది?”

“నేనే.”

“నన్ను అడగనే లేదే.”

“అడిగితే ఫీల్డంటావని.”

“నేను మొగబిడ్డనైతే?”

“రంగనాథం ఏమన్నాడంటే...”

“ఆయన సంగతి సరి. నువ్వు చెప్పు.”

లేచి కిటికీ మళ్ళీ మూశాను.

“నీకు భయం. నాకూ ఉండాది,” అంది. “నా కాలికి సరిపోయే బూట్లు ఇచ్చేదాకా పడవెక్కను. అమ్మ అడగలేదు, ఇస్తారులే అనుకునింది.”

“ఇయ్యకుంటే?”

“మళ్ళీ అడగతా. ఫ్యాను కింద కూసుంటే ఎవరడగతారు?”

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. పెన్ను వర్షిణికి ఇచ్చాను. ఆమె ఆఫీసు అన్న మాట కొట్టేసి ఫీల్డు అని రాసింది.

“ఏంది సార్, చూస్తా ఉండారే,” అన్నాడు రంగనాథం. “తండ్రిగా మీరొక మాట చెప్పకూడదా?”

“ఉద్యోగం ఆమెది,” అన్నాను.

“అట్లయితే కొట్టేసిన కాడ సంతకం కావాల.”

“అదీ ఆమెదే.”

వర్షిణి సంతకం పెడుతుంటే అక్కడ నిలబడలేకపోయాను. వరండాలోకి వచ్చి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. లోపల ముద్ర కొట్టిన చప్పుడయింది. నా నడక ఆగలేదు.