గంట గోపురం నీడ

కాలవ గట్టు మీద జారిపడి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్న గోవిందమ్మకు నంద్యాలలో సిమెంటు కట్టు వేశారు. నెలన్నర దాకా ఆ కాలు నేల మీద మోపకూడదన్నాడు డాక్టరు. ఆళ్లగడ్డలో వాళ్లది పొద్దు పొడవకముందే లేచే ఇల్లు. పాడి, పొలం, కూలోళ్లకు అన్నం, అన్నీ ఆమె చేతి మీదుగా జరగాల్సిందే. అలాంటి మనిషి వసారాలో మంచం మీద కూర్చుని, మొగుడు గురవయ్య కాస్తున్న పాలు అడుగంటుతున్న వాసన పీలుస్తూ ఉండాల్సి వచ్చింది. వారం తిరక్కుండానే ఆమెకు తన మీద తనకే విసుగు పుట్టింది.

నంద్యాల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు సుష్మ ఆదివారం వచ్చి, తన పాత ఫోను తల్లి చేతిలో పెట్టింది. భజన పాటలు ఎట్లా పెట్టుకోవాలో చూపించి వెళ్లింది. ఆ పాటలు వింటూ వింటూ గోవిందమ్మ ఒక కునుకు తీసింది. మెలకువ వచ్చేసరికి పాట లేదు. తెర మీద ఒక చెయ్యి మాత్రం కనబడుతోంది. ఆ చెయ్యి నల్లబల్ల మీద ఒక చెట్టు, చెట్టు పక్కన ఒక కర్ర, రెండింటికీ నీడలు గీస్తోంది.

“చెట్టెక్కకుండా చెట్టు ఎత్తు చెప్పగలమా?” అని ఎవరో నిదానంగా అడుగుతున్నారు.

“ఎట్ల చెప్తారప్పా?” అంది గోవిందమ్మ, ఫోనుతోనే.

ఆమె దొర్నిపాడులో ఏడో తరగతి వరకు చదివింది. లెక్కల్లో మొదటి మార్కు ఎప్పుడూ రాలేదు గానీ, ఎందుకు, ఎట్లా అని అడగడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ ఏడు తల్లికి జబ్బు చేసి ఇంటిపని మీద పడింది. బడి ఆగిపోయింది. దాని గురించి ఆమె ఏడ్చిందీ లేదు, పెద్దగా తలుచుకున్నదీ లేదు. ఇప్పుడు ఆ పాఠం మాత్రం సగంలో వదలబుద్ధి కాలేదు.

సగం అర్థమైంది. నిష్పత్తి అనే మాట దగ్గర ఆగిపోయింది. ఆ పాఠం కిందే చిన్న తరగతుల పాఠాలు వరసగా ఉన్నాయి. వెనక్కి పోయి భిన్నాలు పట్టుకుంది. బోధపడకపోతే వేలితో వెనక్కి జరిపితే చాలు, ఆ గొంతు అదే ఓపికతో మళ్లీ మొదటి నుంచి చెప్పేది. కూరగాయలు తరుగుతూ వినేది. కత్తి పక్కన పెట్టి, పళ్లెంలో పిండి పరిచి, వేలితో గీతలు గీసి చూసుకునేది. భిన్నాలు ముగించి నిష్పత్తికి, నిష్పత్తి నుంచి త్రిభుజాలకు వచ్చేసరికి, మొదట చూసిన చెట్టు పాఠం అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది.

మరునాడు పొద్దున గురవయ్యను పిలిచింది.

“ఏమయ్యా, నా చేతికర్ర ఆ ఎండలో నిలబెట్టు.”

“ఏందీ? ఎందుకు?”

“నిలబెట్టు, చెప్తా. వంకర పోకుండా పట్టుకో. పొద్దెక్కేకొద్దీ నీడ తగ్గుతాది. కర్ర ఎంతో నీడా అంతే అయిన గడియకు, ఆ కొట్టం ముందర విడిగా ఉండే గుంజ నీడ కొలువు. గుంజ ఎత్తు కూడా అంతే ఉంటాది.”

గురవయ్య ఆమె వంక ఒకసారి, ఫోను వంక ఒకసారి చూశాడు. అయినా కర్ర పట్టుకున్నాడు. నీడ సరిపోయిన వేళకు టేపు పరిచి గుంజ నీడ కొలిచాడు. అంతటితో నమ్మలేదు. నిచ్చెన తెచ్చి, ఎక్కి, గుంజ పైనుంచి టేపు కిందికి వదిలాడు. బొటనవేలంత తేడా కూడా రాలేదు.

“వాడెవడో గానీ నిజమే చెప్పినాడు మే,” అన్నాడు దిగుతూ.

ఆ వారమే కాలు చూపించుకోవడానికి ఇద్దరూ నంద్యాల పోయారు. డాక్టరు ఇంకా రాలేదు. ఆసుపత్రి పక్కనే చర్చి, చర్చి ముందు నలుచదరపు గంట గోపురం, కొసన సిలువ. దాని నీడ చదునైన సిమెంటు ఆవరణ మీద తిన్నగా పడి ఉంది. గోవిందమ్మ టేపు సంచిలో పెట్టుకునే వచ్చింది.

చర్చి కాపలా చూసుకునే శాంసన్ అనే పెద్దమనిషి గేటు దగ్గర నుంచి వచ్చాడు. కట్టు కాలితో అరుగు మీద కూర్చున్న ఆడమనిషినీ, ఎండలో కర్ర నిలబెట్టి పట్టుకున్న ఆమె మొగుణ్నీ చూసి అడిగాడు.

“ఏమక్కా, ఏం చేస్తాండారు ఈడ?”

“గోపురం ఎత్తు చూస్తాండాం అన్నా. తప్పా?”

“తప్పేముంది? నాకూ చెప్పండి ఎంతొస్తాదో.”

కర్రా నీడా సమానమైన వేళకు శాంసనే టేపు రెండో కొస పట్టుకున్నాడు. గోపురం గోడ దగ్గర నుంచి సిలువ నీడ కొస దాకా అరవై నాలుగు అడుగులు వచ్చింది. శాంసన్ తల అడ్డంగా ఊపాడు.

“కాదక్కా. క్రిస్మస్ నక్షత్రం కట్టేటప్పుడు సిలువ కొస కాడి నుంచి నేల దాకా తాడు వదిల్తిమి. డెబ్బై రెండు అడుగులుంది. నేనే కొలిస్తి.”

మళ్లీ కొలుద్దామంటే నీడ అప్పటికే పొట్టిదైపోయింది. డాక్టరు కూడా వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గురవయ్య అన్నాడు. “ఫోనోడు తప్పు చెప్పినట్టుండాడు.”

“కొట్టం గుంజకు తప్పు చెప్పలేదు గదా.”

“అయితే నేను కర్ర వంకర పట్టుకునింటా.”

“లేదయ్యా, నేను చూస్తానే ఉంటి.”

ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులు ఆమెను నిలవనివ్వలేదు. పాఠం మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసింది. ఎక్కడా తప్పు కనబడలేదు. సుష్మకు ఫోను చేసి అడిగింది. నేల వాలుగా ఉందేమోనంది కూతురు. సిమెంటు నేల బల్లపరుపుగా ఉందని గోవిందమ్మకు బాగా గుర్తు. శాంసన్ అబద్ధం చెప్పే మనిషిలా లేడు. మరి నీడ ఎక్కడ పోయింది?

జొన్నలు ఇంటికొచ్చాయి. గురవయ్య వాటిని వాకిట్లో కుప్ప పోశాడు. ఆరబోద్దామని పార చేతిలోకి తీసుకునేసరికి గోవిందమ్మ మంచం మీద నుంచే ఆపింది.

“ఉండు. దాన్ని కదపొద్దు.”

పొద్దుటి ఎండలో కుప్ప నీడ కోసుగా నేల మీద పడి ఉంది. ఆమె ఆ నీడ కొసనూ, కుప్ప శిఖరాన్నీ మార్చి మార్చి చూసింది.

“కుప్ప పైకొసన కర్ర గుచ్చి నేరుగా కిందికి దించితే, యాడికి పోతాది?”

“కుప్ప నడిమికి.”

“కుప్ప అంచుకు పోదు గదా?”

“అంచుకెట్ల పోతాది?”

“సిలువ గోపురానికి నడిమధ్యన ఉందయ్యా. మనం గోడ కాడి నుంచి కొలిస్తిమి. లోపలుండే నీడ ఎవురు కొలిచినారు?”

గురవయ్య పార కింద పెట్టి కుప్ప చుట్టూ ఒక తూరి తిరిగాడు. “గుంజ సన్నంగుండె. అందుకే సరిపోయింది,” అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత ఆమె వైపు తిరిగి, “అయితే గోపురం పదహారు అడుగుల వెడల్పుండాల. అప్పుడే నీ మాట నిజం,” అన్నాడు.

కట్టు విప్పించుకునే రోజు కోసం గోవిందమ్మ కాలి కన్నా గోపురం కోసమే ఎక్కువ ఎదురుచూసింది. పద్నాలుగు వస్తే? ఇరవై వస్తే? బస్సు దిగగానే ఆసుపత్రికి కాకుండా చర్చి గేటుకు దారి తీసిన ఆమెను గురవయ్య ఆపలేదు. శాంసన్ గుర్తుపట్టి నవ్వాడు. ఆమె కుప్ప సంగతంతా చెబితే ఆసాంతం విని, టేపు తానే అందుకుని గోడ వెంట పరుచుకుంటూ పోయాడు. మూల దగ్గర వంగి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

“పదహారు. ఇంకో అంగుళం ఉందేమో.”

“సగం ఎనిమిది,” అన్నాడు గురవయ్య. “అరవై నాలుగూ ఎనిమిదీ.”

గోవిందమ్మ కర్ర మీద బరువు వేసి, తల వెనక్కి వంచి సిలువ వంక చూసింది. ఎక్కకుండా, ముట్టుకోకుండా అంత ఎత్తును నేల మీదే పట్టుకున్నామన్న సంగతి అప్పుడు ఆమెకు ఒంట్లోకి దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ వల్లనే అనుకుని శాంసన్ ఆమెను నీడలోకి రమ్మన్నాడు.

కట్టు విప్పారు. సన్నబడి, పాలిపోయిన కాలిని కొత్తదాన్ని చూసినట్టు చూసుకుంటూ, మెల్లగా అడుగులు వేసి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్న గురవయ్య ఆమె వైపు తిరిగాడు.

“ఏమ్మే, వెలుగోడు చెరువుంది గదా. దాని లోతు చూడాలంటే ఎట్ల? నీళ్లకు నీడ పనికిరాదే.”

“నాకేం తెలుసు?” అంది గోవిందమ్మ. అంటూనే సంచిలోంచి ఫోను తీసి, ఇద్దరికీ కనబడేటట్టు మధ్యలో పట్టుకుంది.